అరవైల టీవీ క్లిప్పుల్లో మరుగున పడ్డ పాప్ గాయకులను వెతికి పట్టుకోవడం ఎలా?

బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. అదే రోజుల్లో, అలాంటి స్టూడియోల్లోనే పాడి, తర్వాత ఎవరికీ గుర్తు లేకుండా పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను వినడమే కాదు, పాడుతుండగా చూడొచ్చు కూడా. కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు గాయకుల పేర్లు పక్కన పెట్టి, ప్రోగ్రాం పేరుతో వెతకండి. పేరే తెలియని మనిషిని పేరుతో ఎలా వెతుకుతాం? అప్పటి పాప్ పాటల టీవీ ప్రోగ్రాంలు ఇవి: అమెరికాలో షిండిగ్ (1964–66), హల్లబలూ (1965–66), బ్రిటన్‌లో రెడీ స్టెడీ గో (1963–66), జర్మనీలో 1965లో మొదలైన బీట్ క్లబ్. యూట్యూబ్‌లో ప్రోగ్రాం పేరు, పక్కన సంవత్సరం కొట్టండి. పైన వచ్చేవన్నీ పెద్ద పేర్లే. వాటిని దాటి కిందికి వెళ్లండి, అసలు సరుకు అక్కడుంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 'ద బీట్'తో మొదలుపెట్టండి. 1966లో డాలస్‌లో రంగుల్లో తీసిన 26 ఎపిసోడ్ల సోల్, బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల సంగీత శైలులు) కార్యక్రమం ఇది. హోస్ట్ హాస్ అలెన్, బ్యాండ్ లీడర్ గేట్‌మౌత్ బ్రౌన్. అందులో బార్బరా లిన్ క్లిప్ తప్పక చూడండి. టెక్సస్‌లోని బోమాంట్ ఊరి అమ్మాయి. ఎడమ చేత్తో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ తనే పాడుతుంది. 1962లో అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో మొదటి స్థానానికి వెళ్లిన పాట ఆమె సొంతంగా రాసుకున్నదే. ఆమె ఇంకో పాటను రోలింగ్ స్టోన్స్ కూడా పాడారు. వాళ్ల పేరు ఊరూరా తెలుసు, ఆమె పేరు ఎందరికి తెలుసు? నాకు మనసు చివుక్కుమనేది ఇక్కడే.

క్లిప్ రెండోసారి చూసేటప్పుడు గాయకుడిని వదిలేసి వెనక నిలబడ్డవాళ్లను చూడండి. మన పాత సినిమా పాటల్లో కోరస్ వాళ్లలాగే, వీళ్ల పేర్లూ చాలాసార్లు తెర మీద పడవు. షిండిగ్‌లో వెనక పాడే ముగ్గురమ్మాయిల బృందం బ్లాసమ్స్. వాళ్లలో డార్లీన్ లవ్ ఒకరు. 1962లో క్రిస్టల్స్ అనే మరో బృందం పేరు మీద నంబర్ వన్ అయిన 'హీ ఈజ్ ఎ రెబెల్'లో నిజానికి వినిపించేది ఆమె గొంతే. రికార్డు మీద మాత్రం ఆమె పేరు లేదు.

పాడుతున్నారా, పెదాలు కదుపుతున్నారా అన్నది తర్వాత తేల్చుకోండి. ఎలక్ట్రిక్ గిటార్‌కు వైరు లేకపోతే రికార్డు వేశారనే లెక్క. పాట చివర శబ్దం మెల్లగా తగ్గుతూ మాయమైందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. లిప్ సింక్ అయినంత మాత్రాన క్లిప్‌ను తీసిపారేయకండి. మనిషి ముఖం, నిలబడే తీరు, స్టూడియో హడావిడి అన్నీ నిజమైనవే కదా.

పేరు దొరికాక డిస్కాగ్స్ సైట్‌లో చూడండి. రికార్డు కంపెనీ, సంవత్సరం, పాట రాసినవారు తెలుస్తారు. క్లిప్ కింద రాసిన సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మొద్దు. పాట 1966లో వచ్చిందని డిస్కాగ్స్ చెబుతుంటే, క్లిప్ మీద 1964 అని ఉంటే, తప్పెక్కడో మీకే తెలిసిపోతుంది.

కొన్ని ఎంత వెతికినా దొరకవు, దానికి టెన్షన్ పడకండి. అప్పట్లో వీడియో టేపు బాగా ఖరీదు కాబట్టి, పాతది చెరిపి దాని మీదే కొత్తది రికార్డు చేసేవాళ్లు. 1964లో మొదలైన బీబీసీ 'టాప్ ఆఫ్ ద పాప్స్' తొలి ఏళ్ల ఎపిసోడ్లు చాలావరకు అలాగే పోయాయి. అలాంటప్పుడు అదే గాయకుడు ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో పాడాడేమో చూడండి. ఫ్రాన్స్ టీవీ పాత నిధి ఇనా సంస్థ దగ్గర భద్రంగా ఉంది, వాళ్ల సైట్‌లో చాలా చూడొచ్చు.

బాగా నచ్చినవాళ్ల రికార్డు మళ్లీ విడుదలైందేమో చూసి కొనండి. జర్మనీలో బేర్ ఫ్యామిలీ, లండన్‌లో ఏస్ రికార్డ్స్ కంపెనీలు ఈ పని శ్రద్ధగా చేస్తున్నాయి. 'ద బీట్' డీవీడీలు తెచ్చింది బేర్ ఫ్యామిలీయే. వీళ్ల సీడీలతో వచ్చే బుక్‌లెట్లలో ఇంటర్నెట్‌లో కనిపించని వివరాలుంటాయి.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రోగ్రాం, ప్రసారమైన తేదీ, పాట, గాయకుడు, వెనక గుర్తుపట్టినవాళ్లు అని రాస్తూ పోండి. లింకు ఒక్కటే దాచుకుంటే లాభం లేదు. కాపీరైట్ ఫిర్యాదు రాగానే వీడియో తీసేస్తారు. ప్రోగ్రాం పేరు, తేదీ చేతిలో ఉంటే అదే క్లిప్‌ను ఇంకో చోట వెతుక్కోవచ్చు.