ఎండ సరిగ్గా పడని గ్రీన్‌హౌస్‌లో కూరలు పండించడం ఎలా?

తిరుపతిలో ఎండకు కొదవా అని నవ్వేవాళ్లు ఒకసారి మా పెరట్లోకి వచ్చి చూడాలి. దక్షిణం వైపు పక్కవాళ్ల మూడంతస్తుల ఇల్లు, తూర్పున మా మిద్దె. రెంటికీ మధ్య పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు జాగా. 2019లో అక్కడ ఇనుప పైపులు పాతించి గ్రీన్‌హౌస్ వేయించాను. మొదటి రెండేళ్లు అందులో బాగా పెరిగింది నాచు ఒక్కటే. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఇంటి ఆకే వండుతున్నాం. మధ్యలో నేను చేసిన తప్పులే మా వీధిలో ఇంకో ఐదారుగురు చేస్తుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

ముందు వెలుతురు చూసుకోండి

ఒక ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకోసారి వెళ్లి, ఎక్కడెక్కడ ఎండ పడుతోందో సుద్దముక్కతో గీత గీసి టైము రాయండి. ఎండ పడని చోట తెల్లకాగితం పరిచి దానికి జానెడు ఎత్తులో చెయ్యి పెట్టి చూడండి. వేళ్ల నీడ మసకగానైనా విడివిడిగా కనిపిస్తే ఆకుకూరలు వస్తాయి. నీడే పడకపోతే అక్కడ కుర్చీ వేసుకుని కాఫీ తాగండి, విత్తనాలు మాత్రం పారేసుకోవద్దు.

ఒక్క రోజు చూసి సరిపెట్టుకోకూడదు. మన ఊళ్లో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే మా పెరట్లో మే నెలలో రెండు మూడు గంటలు ఎండ దిగుతుంది. డిసెంబరుకి దక్షిణానికి వాలిపోతాడు. అప్పుడు 30 అడుగుల గోడ నీడ మధ్యాహ్నం పన్నెండింటికి కూడా దాదాపు 23 అడుగులు పరుచుకుంటుంది. అంటే మా జాగా మొత్తం మునిగిపోయినట్టే. మేలో చూసి మురిసి, డిసెంబరులో విత్తి ఏడ్చేవాళ్లే ఎక్కువ.

పైకప్పు

గ్రీన్‌హౌస్ అనగానే ఆకుపచ్చ నెట్టు కట్టేస్తారు. గోడ నీడ ముందే ఉంది కదా, దాని మీద ఇంకో నీడ ఎందుకు? 75 శాతం నెట్టు అంటే వచ్చే వెలుతురులో నాలుగో వంతే లోపలికి వదులుతుంది. నేనూ అదే చేశాను. 50 శాతం ఇమ్మని అడిగితే షాపతను 75 శాతం చుట్ట అంటగట్టాడు, చూసుకోకుండా కట్టించాను. నీడ ఉన్న జాగాకి నెట్టు అక్కర్లేదు. 200 మైక్రాన్ల తెల్ల పాలిథిన్ షీటు, అదీ ఎండకు చిట్లని యూవీ రకం, ఏటవాలుగా వేయించండి. చుట్టూ దోమతెర చాలు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎండ నేరుగా దిగే గంటల్లో ఒక పాత తెల్లచీర అడ్డం కడితే సరి.

షీటును నెలకోసారి కడగాలి. మా రోడ్డు దుమ్ముకి నెల తిరిగేసరికి అది టీ వడకట్టే బట్ట రంగుకు వస్తుంది. ఎదురుగోడకు సున్నం కొట్టండి. తెల్లగోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురే మనకు ఎండ. కరెంటు లైట్లు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రూపాయి కొత్తిమీరకు పది రూపాయల కరెంటు బిల్లు కట్టే ఓపిక నాకు లేదు.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

టమోటా వద్దు. మదనపల్లె మార్కెట్టు పక్కనే పెట్టుకుని టమోటా లేకుండా ఎలా అంటారు, తెలుసు. నీడలో టమోటా ఏపుగా, మనిషెత్తు పెరుగుతుంది, పూత రాలిపోతుంది, కాయ ఉండదు. వంగ, బెండ, మిరప, సొర అన్నీ అంతే. ఆరు గంటలైనా ఎండ పడకుంటే వాటి జోలికి పోవద్దు. ఆకుకూరల్లోనూ సిర్రాకు (తోటకూర రకం), గోంగూర ఎండ పంటలే. నీడలో సన్నగా సాగి పక్కకి పడిపోతాయి.

వచ్చేవి ఇవి: కొత్తిమీర, మెంతికూర, పాలకూర, పుదీనా, బచ్చలి, పొన్నగంటి. అల్లం, పసుపు, చామ కూడా బాగానే వస్తాయి. ఒక మూలకు తమలపాకు తీగ. అసలు కొత్తిమీర విషయంలో నీడ మనకు వరం. ఎండాకాలంలో బయట వేసింది ఆకు పట్టకముందే పూతకొస్తుంది. లోపలిది నింపాదిగా ఆకు వేస్తుంది. మేలో కొత్తిమీర కట్ట ధర చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

తొట్లు, మన్ను, విత్తనం

మట్టి తొట్లే వాడండి. ఆరేడు అంగుళాల లోతు చాలు. ప్లాస్టిక్ బ్యాగుల్లో తడి పక్కల నుంచి ఆరదు. అడుగున వేలు దూరేంత బెజ్జాలు మూడు, కింద రెండు ఇటుకలు. మన్ను: ఒక పాలు ఎర్రమన్ను, ఒక పాలు బాగా మాగిన పేడ ఎరువు, అర పాలు ముతక ఇసుక, అర పాలు వరి ఊక, పిడికెడు వేపపిండి. కోకోపిట్ (కొబ్బరిపీచు పొట్టు) వద్దు. మిద్దెమీద ఎండలో అది బంగారం, నీడలో అది నీళ్లు తాగిన దూది.

ధనియాలను చెక్క మీద పోసి గిన్నె అడుగుతో మెల్లగా నలిపితే రెండు బద్దలవుతాయి. రాత్రంతా నానబెట్టి విత్తండి, పది రోజులు అటూ ఇటూగా మొలుస్తాయి. మెంతులు నాలుగైదు రోజుల్లోనే వస్తాయి. పుదీనాకు విత్తనం అక్కర్లేదు, రైతుబజారులో తెచ్చిన కట్టలోంచి ముదురు కాడలు నాలుగు గుచ్చితే చాలు. పలచగా విత్తండి. ఒత్తుగా వేస్తే మొలకలు ఉన్న కాస్త వెలుతురు కోసం ఒకదాన్నొకటి తోసుకుని దారాల్లా సాగుతాయి.

నీళ్లు

అందరూ మొక్కల్ని చంపేది ఇక్కడే.

పోయినేడు పక్క వీధి అమ్మాయి వచ్చింది. "ఏందక్కా, పాలకూరంతా వాడిపోతా ఉంది. పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తానే ఉండా."

"పోస్తానే ఉండావు, అందుకే వాడిపోయింది" అన్నాను. నమ్మలేదు. వాళ్లింటికి వెళ్లి ఒక మొక్కను పీకి చూపించాను. వేర్లు గోధుమరంగుకి తిరిగి, వేళ్ల మధ్య నలిపితే పైతోలు ఊడి వచ్చేసింది. ముక్కు దగ్గర పెట్టుకోమన్నాను. మురుగు వాసన.

సంగతి ఏమిటంటే, మొక్క నీళ్లు లాగేది ఎండను బట్టి. ఆకు మీద ఎండ పడితే తేమ ఆవిరై పోతుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి వేరు నీళ్లు లాగుతుంది. ఎండ లేకపోతే ఆ లాగుడు మందగిస్తుంది. మిద్దెమీద సాయంత్రానికి ఆరిపోయే చెంబెడు నీళ్లు, నా గ్రీన్‌హౌస్‌లో డిసెంబరులో నాలుగో రోజుకి కూడా తడిగానే ఉంటాయి. మట్టి సందుల్లో నీళ్లు నిండితే గాలికి చోటుండదు. వేరుకీ గాలి కావాలి. అది లేక వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు, ఆకు వాలిపోతుంది. అది దాహమనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. వాడిన మొక్క కనబడగానే మగ్గు అందుకునే చేతిని వెనక్కి లాక్కోండి. ముందు మన్ను చూడండి.

మన్ను చూడడమంటే పైన చూడడం కాదు. పైన పొడిగా కనబడుతుంది, రెండంగుళాల కింద బురద ఉంటుంది. చీపురుపుల్ల ఒకటి తీసుకుని తొట్టి అడుగుదాకా గుచ్చి, ఐదు నిమిషాలాగి తీయండి. ఇడ్లీ ఉడికిందా అని పుల్ల గుచ్చి చూసినట్టే. పుల్లకి నల్లగా మన్ను అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు లేవు. చివరి అంగుళం తప్ప మిగతాది పొడిగా వస్తేనే పోయాలి. మొలకలప్పుడు మాత్రం వేర్లు పైనే ఉంటాయి కాబట్టి పై అర అంగుళం ఆరితే కాస్త చిలకరించండి, అంతకు మించి వద్దు. కొన్నాళ్లకు పుల్ల కూడా అక్కర్లేదు. తొట్టిని ఒక పక్క ఎత్తి చూస్తే బరువే చెబుతుంది.

పోసేది పొద్దున తొమ్మిదిలోపే. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకులు తడిగా ఉండి బూజు పడుతుంది. మొక్క నెత్తిన కాదు, మొదట్లో, సన్నటి ధారగా. ఒకసారి పోస్తే అడుగు బెజ్జాల్లోంచి కారేదాకా పోయండి, మళ్లీ పుల్ల చెప్పేదాకా ఆ వైపు చూడకండి. రోజూ ఇన్నిన్ని అని తడిపే అలవాటే అసలు రోగం. తొట్టి కింద ప్లేట్లు పెట్టుంటే ఈ రోజే తీసేయండి.

టైమరు పెట్టి డ్రిప్పు వేయించుకుని హాయిగా ఉన్నామనేవాళ్లూ ఉన్నారు. టైమరుకి మబ్బు పట్టిందో లేదో తెలియదు. ఎండతోటకి డ్రిప్పును మించింది లేదు, నేనూ ఒప్పుకుంటాను. నీడతోటకి మాత్రం మనిషి వేలు కావాలి.

మొలకలప్పుడు ఇంకా జాగ్రత్త. నారుకుళ్లు తగిలితే నిన్న నిటారుగా ఉన్న మొలకలు తెల్లారేసరికి పడిపోతాయి. వంగి చూస్తే మట్టికి ఆనుకున్న చోట కాడ నీరుపట్టి దారంలా నొక్కుకుపోయి ఉంటుంది, పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. పడినవి లేవవు. వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేసి, నీళ్లు ఆపి, తెరలెత్తి గాలి ఆడనివ్వండి. ముందు జాగ్రత్తగా కిలో పేడ ఎరువుకు 20 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెచ్చే బూజును అణిచే మంచి బూజు) పొడి కలిపి, కాస్త తడి చేసి, గోనెపట్ట కప్పి నీడలో వారం పది రోజులు మగ్గనిచ్చి మన్నులో కలపండి. నేను ఇది లేకుండా ఒక్క తొట్టి కూడా నింపను. తొట్ల చుట్టూ చిన్న నల్ల దోమలు ముసురుతున్నాయంటే అదీ తడి ఎక్కువైందనే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు నా గ్రీన్‌హౌస్ మీద ఆ నెట్టే ఉంది, షీటు లేదు. నెట్టు వానను ఆపదు, జల్లెడ పట్టి పోస్తుంది. నాలుగు రోజుల్లో ఇరవై రెండు తొట్లు పోయాయి. ఇప్పుడు వినాయక చవితి దాటగానే షీటు కట్లు బిగిస్తాను, పక్కలు మాత్రం తెరిచే ఉంచుతాను. ముసురు రోజుల్లో వారం దాకా నీళ్లు ముట్టుకోని తొట్లున్నాయి.

ఎరువు, కోత

ఎరువు ఎండతోటకు వేసేదాంట్లో సగమే. నీడలో ఎక్కువ బలం పెడితే ఆకు మెత్తబడి పేనుబంక పడుతుంది. నెలకోసారి గుప్పెడు మాగిన ఎరువు పైన చల్లి కెలికితే సరిపోతుంది.

మెంతికూర బయట నెలకు కోతకొస్తే లోపల ఇంకో వారం పడుతుంది, కంగారు పడొద్దు. పాలకూరను పీకకుండా బయటి ఆకులు ఒక్కొక్కటే గిల్లండి. కొత్తిమీరను కత్తెరతో, మొదట్లో రెండు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురేస్తుంది. కోసిన రోజు చాలామంది, పాపం కష్టపడింది కదా అని, తొట్టి నిండా నీళ్లు పోస్తారు. ఆకులే లేని మొక్క ఆ నీళ్లను ఏం చేసుకుంటుంది? కొత్త చిగుళ్లు అంగుళం లేచేదాకా ఆగి, అప్పుడు పుల్ల గుచ్చి చూడండి.