కొత్త ఎయిర్ పిస్టల్ ఎక్కడ అరుగుతోందో ఇలా చూడండి

ఒంగోల్లో నాది లేత్ షాపు. చీమకుర్తి గ్రానైట్ మిషన్ల షాఫ్టులు, బుష్‌లు చేస్తాను. మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ షూటర్. తనకు కొత్త పిస్టల్ వచ్చిన రోజు, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టకముందే దాన్ని నా బల్ల మీదికి తీసుకున్నాను.

ముందు లోడింగ్ గాడిలో పెల్లెట్ లేదని కళ్ళారా చూసుకోండి. తర్వాత గాలి ఉండే సిలిండర్‌ని పిస్టల్ నుంచి విప్పండి. విప్పినా పిస్టల్ లోపల ఒక షాట్‌కి సరిపడా గాలి మిగిలి ఉండొచ్చు, అందుకే మూతి ఎప్పుడూ గోడవైపే ఉండాలి.

టార్చి ఎదురుగా కొట్టకుండా పక్కవాటుగా పట్టుకోండి, గీతలకు నీడ పడి బయటపడతాయి. కనిపించిన ప్రతి మెరుపు మీదా గోరు అడ్డంగా నడపండి. జారిపోతే పై మెరుపే. గోరు తట్టుకుందంటే లోహం లేచిందన్నమాట. ఫ్యాక్టరీలోనే పరీక్షగా కొన్ని షాట్లు కాల్చి పంపుతారు కాబట్టి లోడింగ్ గాడి దగ్గర కాస్త సీసం మసి ఉంటే కంగారు పడొద్దు. కదిలే భాగాలకు రెండు వైపులా సమానంగా వచ్చే మెరుపు కూడా మామూలే. ఒకవైపే వస్తే వదలకూడదు.

మా పిస్టల్‌కి 600 పెల్లెట్లు దాటాక కాకింగ్ లివర్ (ప్రతి షాట్‌కి ముందు పిస్టల్‌ని సిద్ధం చేసే మీట) ఎడమ పక్కన బియ్యపు గింజంత గీత కనపడింది. గోరు తట్టుకుంది. కుడి పక్క అద్దంలా ఉంది. ఎమరీ పేపర్ చేతికి అందేంత దూరంలోనే ఉన్నా ముట్టుకోలేదు. రుద్దితే గుర్తు పోతుంది, రాపిడి అలాగే ఉంటుంది, వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి అమ్మినవాళ్ళకు పంపాం. ఇరుసు పిన్ను వాలుగా కూర్చుందని తేలింది, మార్చారు. టోక్యో ఒలింపిక్స్‌లో క్వాలిఫికేషన్ మధ్యలో మనూ భాకర్ పిస్టల్ మొరాయించిన రోజు మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. అప్పటినుంచి ఇలాంటి గీతను తేలిగ్గా తీసుకోలేను.

ట్రిగ్గర్‌కి తూకం పరీక్ష చాలు. ఖాళీ పిస్టల్‌ని కాక్ చేసి, బ్యారెల్ నిటారుగా పైకి ఉంచి, 500 గ్రాముల బరువు ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా ఎత్తండి. ట్రిగ్గర్ పడకూడదు. మొదట్లో ఆగి, నెల తర్వాత పడిపోతుంటే స్క్రూ వదులైనా అయ్యుండాలి, లోపల పట్టుకునే అంచు అరుగుతూనైనా ఉండాలి. అది ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చూడాల్సిన పని, విప్పకండి.

సిలిండర్ మీద తయారీ తేదీ చదవండి. రాత్రి దాని గాలి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఎక్కడుందో రాసుకుని పొద్దున మళ్ళీ చూడండి. దిగిందంటే ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) మీద అనుమానం.

మాకు కొత్తపట్నం సముద్రతీరం వైపు నుంచి ఉప్పుగాలి తగులుతుంది. నూనె గుడ్డతో తుడిస్తే పోయే గోధుమరంగు చుక్క తుప్పే, అరుగుదల లెక్కలో వేయొద్దు.

ప్రతి 500 పెల్లెట్లకు అవే చోట్లు, అదే టార్చితో ఫోటో తీసి తేదీ వేస్తున్నాం. ఇప్పుడు గోరు పెట్టి చూసేది మా అమ్మాయే.