మినీ వెనుక ఆర్మ్‌కు మళ్లీ గ్రీజు అందింది

బర్మింగ్‌హామ్‌లో నేను నడిపే పాత మినీ కారు, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనుక ఎడమవైపు కిర్రుమనేది. జాకీ మీద లేపి చక్రాన్ని ఊపి చూశాను. వీల్ బేరింగ్ బాగానే ఉంది, ఊగుతున్నది సస్పెన్షన్ ఆర్మ్, అంటే చక్రాన్ని బండికి కలిపి పైకీ కిందికీ కదలనిచ్చే చేయి.

బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేకు కేబుల్ విప్పి ఆర్మ్ దించాను. ఆ ఆర్మ్ తిరిగే ఇరుసు, అదే షాఫ్ట్, లాగగానే ప్రాణం ఉసూరుమంది. ఆర్మ్ బేరింగులో సూదుల్లా సన్నగా ఉండే నీడిల్ రోలర్లు ఆనే చోట గోరు తగులుకునేంత లోతుగా గాడులు పడ్డాయి. గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పుపొడి! ఈ ఆర్మ్‌కు ఒక చివర నీడిల్ బేరింగ్, రెండో చివర కంచు బుష్ (షాఫ్ట్ చుట్టూ ఉండే తొడుగు) ఉంటాయి. బయటి నిపుల్‌లో (గ్రీజు ఎక్కించే మొన) క్రమం తప్పకుండా గ్రీజు కొట్టాలి. ఏళ్ల తరబడి ఎవరూ కొట్టలేదు.

బేరింగ్, బుష్, షాఫ్ట్ మూడూ కొత్తవే వేశాను. అరిగిన షాఫ్ట్ ఉంచితే కొత్త బేరింగునూ తినేస్తుంది. బుష్ ఎక్కించాక, బేరింగుతో ఒకే వరుసలో ఉండేలా రీమర్‌తో (రంధ్రాన్ని నునుపుగా కోసే పనిముట్టు) కొలతకు తేవాలి. ఆ పని లేతు పనివారికే ఇచ్చాను. ఆర్మ్ లోపలి గ్రీజు గొట్టాన్ని మాత్రం దయచేసి మరవకండి. అది లేకపోతే గ్రీజంతా మధ్య ఖాళీలోకే పోతుంది, అవతలి చివరకు చేరదు.

బిగించి, రెండు చివరలా కొత్త గ్రీజు కనిపించేదాకా గ్రీజు గన్ కొట్టాను. బ్రేకుల్లో గాలి తీసి రోడ్డెక్కాను. కిర్రు లేదు. వచ్చేవారం కుడివైపు విప్పుతాను.