పొలం ఇంట సంక్రాంతి: పిడకల దండ నుంచి అరిసెల డబ్బా దాకా

విశాఖపట్నం జిల్లాలోని ఆనందపురం, పద్మనాభం వైపు పొలాల మధ్య ఇల్లున్నవారికి సంక్రాంతి పని నెలగంట పెట్టిన నాడే, అంటే డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం రాగానే మొదలవుతుంది. పట్నంలోని పిల్లలు భోగి ముందురోజు రాత్రికి గాని చేరరు, పాలు పితకడం ఏ పండుగకూ ఆగదు. కనుక బరువైన పనులన్నీ అంతకు ముందే ముగించుకోవాలి.

ముందుగా భోగి పిడకలు చేసుకోవాలి. ఆవుపేడను చిన్న బిళ్లలుగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, మంచు విడిచి ఎండ వచ్చాకనే ఆరబెట్టాలి. రెండు వైపులా బాగా ఎండకముందే తాడుకు గుచ్చితే విరిగిపోతాయి. ఇంట్లో ఎందరు పిల్లలుంటే అన్ని దండలు వేరుగా కట్టడం మంచిది, లేకుంటే మంట దగ్గర పేచీ తప్పదు.

అరిసెలు భోగికి రెండు రోజుల ముందు వండాలి. కిలో కొత్తబియ్యాన్ని, నీళ్లు ఒకటి రెండుసార్లు మారుస్తూ, ఒక రోజంతా నానబెట్టి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి. తడిగుడ్డ కప్పి ఉంచకపోతే పైన పొడిబారుతుంది. ముప్పావు కిలో అనకాపల్లి బెల్లాన్ని గ్లాసుడు నీళ్లలో కరిగించి వడకట్టాలి. తెల్లగా మెరిసే అచ్చు కంటే కాస్త ముదురు రంగుదే నాకు నచ్చుతుంది. పాకాన్ని గిన్నెలోని చన్నీళ్లలో వేసి చూస్తే, అది కరగక వేళ్ల మధ్య మెత్తని ఉండగా చేరాలి. ఆ క్షణం దాటితే అరిసె రాయవుతుంది, రాకముందే దించితే నూనెలో విడిపోతుంది. ఒక ఏడు నేను మాటల్లో పడి పాకం ముదరబెట్టాను; ఆ అరిసెలను మా అత్తగారు నమలలేక పాలలో నానబెట్టుకు తిన్నారు. పాకం దించి, నెయ్యి, యాలకుల పొడి వేసి, ఒకరు పిండి కొద్దికొద్దిగా పోస్తుంటే మరొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఈ చలిమిడిని నువ్వులద్ది, అరచేతి వెడల్పున ఒత్తి, మధ్యస్థమైన మంటపై వేయించి, చెక్కల మధ్య నూనె నొక్కేయాలి. మిగిలిన దానిలో కొబ్బరి ముక్కలు కలిపితే పాకుండలు అవుతాయి.

సంక్రాంతి నాడు పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, కొత్తబియ్యపు పరమాన్నం, గుమ్మడికాయ దప్పళం వండితే చాలు.

కనుమ నాడు పశువులను కాడికి కట్టరాదు. వాటిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొమ్ములకు రంగు వేసి, పలుపులు మార్చాలి. పొంగలి మాత్రం ముద్దంతకు మించి పెట్టకూడదు, ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. ఆ రోజు మినపగారెలు తప్పనిసరి, ప్రయాణాలు నిషిద్ధం. కాబట్టి మర్నాడు పట్నం వెళ్లేవారి డబ్బాలను ఆ సాయంత్రమే, అరిసెల అడుగున కాగితం పరిచి, సర్ది ఉంచుకోవాలి.