సీటైప్స్‌తో సి ఫంక్షన్లను పిలిచేటప్పుడు వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

పైథాన్ 2.5 (2006) నుంచి సీటైప్స్ మాడ్యూల్ పైథాన్‌లో భాగంగానే వస్తోంది కాబట్టి, కంపైల్ చేసిన సి లైబ్రరీలోని ఫంక్షన్‌ను ఇంటర్‌ప్రెటర్ ప్రాంప్ట్ దగ్గరే పిలిచి చూడవచ్చు. అయితే లైబ్రరీ ఫైలులో సీటైప్స్‌కు దొరికేది ఫంక్షన్ పేరు, దాని చిరునామా మాత్రమే. ఆర్గ్యుమెంట్ల రకాలు, తిరిగి వచ్చే విలువ రకం హెడర్ ఫైలులో (ఫంక్షన్ల ప్రకటనలు ఉండే సి ఫైలు) ఉంటాయి. సీటైప్స్ దానిని చదవదు. మనం చెప్పనంతవరకు ప్రతి ఫంక్షన్ ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) తిరిగి ఇస్తుందనే అది భావిస్తుంది. కింది ఉదాహరణలు 64 బిట్ల లినక్స్‌కు సంబంధించినవి.

లైబ్రరీ తెరుచుకోవడం లేదు

ఉత్త ఫైలు పేరు ఇస్తే లోడర్ (లైబ్రరీని మెమరీలోకి తెచ్చే ప్రోగ్రాం) ప్రస్తుత ఫోల్డర్‌లో వెతకదు. పూర్తి పాత్ ఇవ్వండి. సందేశంలో రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్ అని ఉంటే, పైథాన్, లైబ్రరీ రెండింటిలో ఒకటి 32 బిట్లది, మరొకటి 64 బిట్లది అని అర్థం.

లైబ్రరీ తెరుచుకుంది, ఫంక్షన్ దొరకడం లేదు

అట్రిబ్యూట్ ఎర్రర్ వస్తే, ఆ కోడ్ సి++లో రాసినదేమో చూడండి. సి++ కంపైలర్ ఫంక్షన్ పేరుకు ఆర్గ్యుమెంట్ల రకాలను కలిపి వేరే పేరుగా మార్చేస్తుంది. ఎన్ఎం కమాండుతో లైబ్రరీలోని అసలు పేర్లను చూడవచ్చు. సోర్స్ మన చేతిలో ఉంటే ఎక్స్‌టర్న్ సి అని ప్రకటించి మళ్లీ కంపైల్ చేయాలి.

ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు

అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ తప్పు అంకె ఎవరి కంటా పడకుండా తరువాతి లెక్కల్లోకి వెళ్లిపోతుంది. గణిత లైబ్రరీలోని వర్గమూలం ఫంక్షన్‌కు 2.0ను సీ_డబుల్‌గా (సిలోని దశాంశ సంఖ్యల రకం) మార్చి పంపినా, సంబంధం లేని పూర్ణాంకం తిరిగి వస్తుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో డబుల్ విలువ ఒక రిజిస్టరులో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ స్థలం) వస్తే, ఇంట్ కోసం సీటైప్స్ వేరొక రిజిస్టరులో చూడడమే దీనికి కారణం. ఫంక్షన్‌ను పిలవడానికి ముందే దాని రెస్‌టైప్‌ను (తిరిగి వచ్చే విలువ రకం) సీ_డబుల్ అని, ఆర్గ్‌టైప్స్‌ను (ఆర్గ్యుమెంట్ల రకాలు) ఒకే ఒక్క సీ_డబుల్ ఉన్న జాబితా అని నిర్ణయిస్తే 1.414తో మొదలయ్యే సరైన జవాబు వస్తుంది.

స్ట్రింగుల విషయంలో తెలుగువారు ఇంకాస్త జాగ్రత్త పడాలి. సి లైబ్రరీలోని స్ట్రింగ్ పొడవు ఫంక్షన్‌కు "తెలుగు" అనే పైథాన్ స్ట్రింగును నేరుగా ఇస్తే 2 అని వస్తుంది. సీటైప్స్ దానిని ఒక్కో అక్షర సంకేతానికి 4 బైట్ల చొప్పున పంపుతుంది. "త" సంకేతంలో మొదటి రెండు బైట్ల తరువాత సున్నా ఉంటుంది కాబట్టి, స్ట్రింగ్ అక్కడితో ముగిసిందని ఫంక్షన్ అనుకుంటుంది. అదే స్ట్రింగును యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చేసి పంపితే 18 వస్తుంది: గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, ఒక్కొక్కటి మూడు బైట్లు. ఆర్గ్‌టైప్స్‌లో సీ_చార్_పీ (బైట్ల స్ట్రింగు రకం) అని రాసి ఉంచితే, ఎన్‌కోడ్ చేయడం మరిచిపోయిన రోజున తప్పు జవాబుకు బదులు ఎర్రర్ వస్తుంది.

సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ఇంటర్‌ప్రెటర్ మూతపడుతోంది

పాయింటర్ (మెమరీ చిరునామా) తిరిగి ఇచ్చే ఫంక్షన్‌కు రెస్‌టైప్ చెప్పకపోతే 64 బిట్ల చిరునామాలో కింది 32 బిట్లే మిగులుతాయి. ఆ తప్పు చిరునామాను వాడబోతే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాంను ఆపేస్తుంది; సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటే అదే. రెస్‌టైప్‌ను సీ_వాయిడ్_పీ (పాయింటర్ రకం) చేయడంతో పని సగమే అవుతుంది: అలా వచ్చిన చిరునామా పైథాన్‌లో మామూలు పూర్ణాంకం కాబట్టి, దానిని అందుకునే ఫంక్షన్‌కు కూడా ఆర్గ్‌టైప్స్ చెప్పకపోతే లోపలికి వెళ్లేటప్పుడు మళ్లీ తెగిపోతుంది. ఏ పిలుపు దగ్గర ఆగిందో తెలియకపోతే ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్‌ను ముందే ఎనేబుల్ చేసుకోండి. అది పైథాన్ లైను నంబరు చూపిస్తుంది.

కాల్‌బ్యాక్ (సి లైబ్రరీ తిరిగి పిలిచేందుకు మనం ఇచ్చే పైథాన్ ఫంక్షన్) కొంతసేపు పనిచేసి ఆ తరువాత క్రాష్ అయితే, ఆ కాల్‌బ్యాక్ ఆబ్జెక్టును పైథాన్ మెమరీ నుంచి తొలగించి ఉంటుంది. లైబ్రరీ దానిని వాడుతున్నంతకాలం ఒక వేరియబుల్‌లో పట్టి ఉంచాలి.

కోడ్ సరిచేసినా పాత జవాబే వస్తోంది

అదే సెషన్‌లో అదే లైబ్రరీని మళ్లీ లోడ్ చేసినా, లోడర్ అప్పటికే మెమరీలో ఉన్న ప్రతినే ఇస్తుంది. ఇంటర్‌ప్రెటర్‌ను మూసి తిరిగి తెరవడమే నమ్మకమైన మార్గం. సెషన్ నడుస్తుండగా ఆ ఫైలు మీదే కొత్త ఫైలును కాపీ చేయడం వల్ల ఇంటర్‌ప్రెటర్ క్రాష్ అయ్యే అవకాశం ఉంది కనుక, కంపైల్ చేయడానికి ముందే దానిని మూసివేయండి.