నీటిలో పడే వేగాన్ని బట్టి మట్టి రేణువుల సైజు కొలవడం ఎలా?

మామూలు ల్యాబ్‌లో జల్లెడ పని 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఆగిపోతుంది. అంతకన్నా సన్నటి ఒండ్రు, బంకమట్టి సైజు తెలియాలంటే వాటిని నీటిలో వదిలి, ఎంతసేపట్లో ఎంత లోతుకు దిగాయో చూడాలి. పెద్ద రేణువు తొందరగా దిగుతుంది, చిన్నది ఆలస్యంగా. వ్యాసం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ 1851లో ప్రచురించిన సూత్రం నుంచి వచ్చిన లెక్క ఇది. లెక్క, గడియారం తేలికే. కష్టమంతా రేణువులను దేనికది విడదీయడంలో ఉంది.

విశాఖలో మట్టికి కొదవ లేదు. అయితే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం పిడికెడు కూడా తేవద్దు, అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ సంపద. మీ పెరట్లోని ఎర్రమట్టి చాలు. దాన్ని నీడలో ఆరబెట్టి, గడ్డలను చెక్కతోనో రబ్బరు రోకలితోనో మెల్లగా చిదపండి. నూరితే రేణువులే పగిలిపోతాయి, అప్పుడు మీరు కొలిచేది మట్టిని కాదు, మీ రోకలి దెబ్బల్ని. 20 గ్రాములు తూచి పక్కన పెట్టుకోండి. అదే మట్టిలో ఇంకో 20 గ్రాములు 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తే తేమ ఎంతో తెలుస్తుంది. కొలతకు వాడే మట్టిని మాత్రం ఓవెన్‌లో పెట్టకండి, బంకమట్టి గట్టిపడి మళ్లీ విడదు.

సముద్రానికి దగ్గరి మట్టి అయితే ముందు ఉప్పు పోగొట్టాలి. ఉప్పు ఉంటే బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి, ఆ ఉండలు పెద్ద రేణువుల్లా త్వరగా దిగిపోతాయి. భీమిలి దగ్గర గోస్తని నది తెచ్చే బురద ఉప్పునీటిలో కలిసినప్పుడు జరిగేదీ ఇదే. మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరాక పై నీరు వంచేయండి. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ వంచండి. నీరు ఇక తేరకుండా మురికిగానే నిలబడిపోతోందంటే ఉప్పు చాలావరకు పోయినట్టే. ఆ మురికి నీటిని పారబోయకండి, బంకమట్టి అందులోనే ఉంది. కుళాయి నీళ్లు ఏ దశలోనూ వాడవద్దు, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం కూడా రేణువులను అతికిస్తాయి.

ఇప్పుడు విడదీసే మందు. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ 33 గ్రాములు, సోడియం కార్బొనేట్ 7 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి లీటరు చేయండి. అందులో 25 మిల్లీలీటర్లు మట్టి మీద పోసి, కొంచెం నీరు కలిపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున స్టిర్రర్‌తో 15 నిమిషాలు తిప్పండి. తర్వాత 75 మైక్రాన్ల జల్లెడ గుండా లీటరు కొలజాడీలోకి కడగండి. జల్లెడ మీద మిగిలిన ఇసుకను ఆరబెట్టి తూచండి. జాడీని సరిగ్గా లీటరు దాకా నింపండి.

జాడీని ఒకసారి బాగా కలిపి కాసేపు గమనించండి. పైన తేటనీరు, కింద మురికినీరు, మధ్య గీత గీసినట్టు కనిపిస్తే రేణువులు ఉండలు కట్టినట్టు లెక్క, మందు దశకు వెనక్కి వెళ్లాలి. సరిగ్గా విడిపోయి ఉంటే అలాంటి గీత రాదు, పైనుంచి కిందికి మురికి చిక్కన మెల్లగా మారుతుంది. ఈ పరీక్ష దాటని జాడీతో ముందుకు పోవద్దు, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా తూచినా అంకెలకు అర్థం ఉండదు.

మన ఊళ్లో మధ్యాహ్నం ఎండ, ఏసీ గాలి రెండూ ఈ పనికి శత్రువులే. జాడీ ఒక పక్క వేడెక్కితే లోపల నీరు తిరగడం మొదలవుతుంది, సన్న రేణువులు దిగకుండా దానితో పాటు తిరుగుతాయి. కాబట్టి జాడీని కిటికీకి, ఫ్యాన్‌కి దూరంగా, నీళ్ల బకెట్‌లో నిలబెట్టండి. ఉష్ణోగ్రత రాసుకోవడం తప్పనిసరి. 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 7 గంటల 44 నిమిషాలు పడితే, 30 డిగ్రీల దగ్గర 6 గంటల 9 నిమిషాలే చాలు. వేడికి నీరు పలచబడుతుంది మరి.

మూత మూసి నిమిషం పాటు తలకిందులుగా తిప్పి, నిలబెట్టిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కండి. 30 డిగ్రీల దగ్గర, సాంద్రత 2.65 (ఘన సెంటీమీటరుకు గ్రాములు) ఉండే రేణువులు 10 సెంటీమీటర్లు దిగే సమయాలివి: 20 మైక్రాన్లకు 3 నిమిషాల 41 సెకన్లు, 10 మైక్రాన్లకు 14 నిమిషాల 45 సెకన్లు, 5 మైక్రాన్లకు 59 నిమిషాలు. ఆ సమయానికి ఆ లోతులో అంతకన్నా పెద్ద రేణువు ఉండదు. కొన్ని సెకన్ల ముందు పిపెట్‌ను మెల్లగా దించి, రబ్బరు బల్బుతో 10 మిల్లీలీటర్లు తీయండి. నోటితో పీల్చకండి. తీసిన ప్రతిసారీ నీటిమట్టం తగ్గుతుంది కాబట్టి 10 సెంటీమీటర్లను అప్పటి నీటి పైభాగం నుంచి కొత్తగా కొలవాలి.

తీసింది ముందే తూచిన చిన్న గిన్నెలో పోసి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఆరిన బంకమట్టి చూస్తుండగానే దాన్ని లాగేసుకుంటుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ చొరని మూతపాత్ర) చల్లార్చి, బయటికి తీసిన వెంటనే మిల్లీగ్రాము వరకు చూపే తక్కెడలో తూచండి.

లెక్క ఇలా. తేమ పోను మట్టి 20 గ్రాములు అనుకుంటే, అదంతా నీటిలో ఉండి ఉంటే 10 మిల్లీలీటర్లలో 0.200 గ్రాములు ఉండాలి. 20 మైక్రాన్ల సమయానికి 0.110 గ్రాములు వచ్చిందనుకుందాం. పోసిన 25 మిల్లీలీటర్లలో మందు 1 గ్రాము, అది లీటరంతా పరుచుకుంది కాబట్టి 10 మిల్లీలీటర్లలో మందు వాటా 0.010 తీసేస్తే 0.100, అంటే మట్టిలో 50 శాతం 20 మైక్రాన్ల కన్నా సన్నం. 2 మైక్రాన్ల సమయానికి 0.070 వస్తే, మందు పోగా 0.060, అంటే బంకమట్టి (2 మైక్రాన్ల కన్నా సన్నటిది) 30 శాతం.

ఇదే పద్ధతి వేరే పొడులకు వాడాలంటే సాంద్రత మార్చి సమయాలు మళ్లీ లెక్కకట్టాలి. థర్మల్ విద్యుత్ కేంద్రాల ఫ్లైయాష్‌లో (బొగ్గు కాల్చాక వచ్చే సన్నటి బూడిద) బోలు గోళాలు ఉంటాయి, వాటిలో కొన్ని నీటిపై తేలిపోతాయి. వాటిని విడిగా తీసి తూచండి. సిమెంట్‌ను నీటిలో వేయకూడదు, గట్టిపడుతుంది. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటి ద్రవం, ఆ ద్రవపు సాంద్రత, స్నిగ్ధత (చిక్కదనం) తీసుకోవాలి. బంకమట్టి రేణువులు పలకల్లా ఉంటాయి కాబట్టి వచ్చిన అంకె నిజమైన వెడల్పు కాదు, అదే వేగంతో దిగే గోళం వ్యాసం. నోట్‌బుక్‌లో ఉష్ణోగ్రత, సాంద్రత, మందు మోతాదు పక్కన ఈ మాట కూడా రాయండి.