భూసేకరణ నోటీసు వచ్చిందా? 5వ పాఠం: డబ్బు తీసుకునే రోజు

పోయిన పాఠంలో అవార్డు కాపీ, అంటే మీ భూమికి పరిహారం ఎంతో తేల్చి కలెక్టరు ఇచ్చే ఉత్తర్వు, ఎలా చదవాలో చూశాం. మీ సర్వే నంబరు, విస్తీర్ణం, చెట్లు, బోరు అన్నీ లెక్కలోకి వచ్చాయో లేదో పెన్సిల్‌తో టిక్కు పెట్టమన్నాను. పెట్టారుగా? ఈసారి ఒకే ఒక్క సంతకం సంగతి.

"డబ్బు ముట్టుకుంటే ఒప్పుకున్నట్టే" అని రచ్చబండ దగ్గర గట్టిగా చెప్పేవాళ్లు ఉంటారు. నమ్మకండి. 2013 భూసేకరణ చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం, ఈ మొత్తం చాలదని అభ్యంతరం చెబుతూనే డబ్బు తీసుకోవచ్చు. ఆ మాట చెప్పకుండా తీసుకుంటేనే, 64వ సెక్షన్ కింద పెంచమని అడిగే వీలు పోతుంది. మా బాబాయి అలాగే పోగొట్టుకున్నాడు. మామిడి చెట్లు సగం లెక్కకే రాలేదు. "అందరూ పెడుతున్నారు, నువ్వూ పెట్టెయ్" అంటే రసీదు మీద సంతకం పెట్టి వచ్చేశాడు.

రసీదు మీద సంతకానికి పైన, మీ చేత్తో ఇలా రాయండి:

"పరిహారం చాలదన్న అభ్యంతరంతో, అండర్ ప్రొటెస్ట్‌గా తీసుకుంటున్నాను. 64వ సెక్షన్ కింద నా హక్కు వదులుకోవడం లేదు."

డబ్బు నేరుగా ఖాతాలో పడేట్టయితే రాయడానికి రసీదే దొరక్కపోవచ్చు. అప్పుడు బ్యాంకు వివరాలిచ్చే రోజే ఇదే మాటతో ఉత్తరం ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఇక గడువు. అవార్డు ప్రకటించినప్పుడు మీరు గానీ మీ లాయరు గానీ అక్కడ ఉంటే, ఆ తేదీ నుంచి ఆరు వారాల్లోగా కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. లేనివారికి లెక్క వేరు, దాని మీద వాదనలూ ఎక్కువే. ఎందుకొచ్చిన టెన్షన్, వీలైనంత త్వరగా ఇచ్చేయండి. అందులో "తక్కువ ఇచ్చారు" అని రాస్తే సరిపోదు, ఎందుకు తక్కువో రాయాలి. దగ్గర్లోని అలాంటి భూములకు, సేకరణ ప్రతిపాదించిన ఏడాదికి ముందు మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్ల నకళ్లు జతచేయండి. కలెక్టరు 30 రోజుల్లో దాన్ని అథారిటీకి, అంటే ఈ చట్టం కింద పరిహారం తగాదాలు తేల్చే సంస్థకు, పంపాలి. పంపకపోతే మీరే అథారిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.

రెండు హెచ్చరికలు. జాతీయ రహదారుల చట్టం కింద పోయిన భూమికి ఈ దారి కాదు, ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లాలి. సమ్మతి ఒప్పందం మీద ముందే సంతకం పెట్టినవాళ్లు ఆ కాగితం లాయరుకు చూపించకుండా ఏదీ రాయొద్దు. ఫీజు భయమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఈ వారం పని: రసీదు మీద రాయాల్సిన ఆ రెండు వాక్యాలు చూడకుండా రాయడం. వచ్చే పాఠంలో 73వ సెక్షన్. బాబాయిలా సంతకం పెట్టేసినవాళ్లు, అదే నోటిఫికేషన్‌లోని పక్క రైతుకు పరిహారం పెరిగితే మూడు నెలల్లో ఏం చేయాలో చూద్దాం.